రేణువుల పొత్తు

ప్రొద్దుటూరికి చేరువ, పెన్న యొడ్డున నున్న యొక పల్లెలో నా బాల్యము గడచినది. ఏటికి క్రొత్తనీరు వచ్చిన దినములలో మా అవ్వ కడవతో తెచ్చిన నీరు ఎఱ్ఱగా, చిక్కగా, త్రాగుటకు వీలులేకుండ నుండెడిది. ఆమె యొక చిల్లగింజను తీసికొని, కుండ లోపలి వైపున నాలుగైదు మార్లు అరగదీసి, నీటిని కలియబెట్టి, మూత పెట్టి పోయెడిది. మఱునాటి ఉదయమునకు అడుగున వ్రేలెడు బురద, పైన అద్దమువంటి తేట. నేను ఊరకుండలేక మూత తీసి, కుండ వంచి, ఆ బురద యెట్లు దిగుచున్నదో చూడబోయెడివాడను. "ఊరికే కుండ కదపగాకు నాయనా, తేట నిలవనీ" అని ఆమె గద్దించెడిది. బురద నీటిలో ఏల తేలుచున్నది, గింజ తగులగానే ఏల దిగుచున్నది అని అడిగిన, "పెద్దోళ్లు చేసినారు, మేమూ చేస్తాండాం" అనెడిది. ఆ ప్రశ్నకు సమాధానము దొరకుటకు నాకు చాల కాలము పట్టినది. లోకమునకు అంతకంటె నెక్కువ కాలము పట్టినది. నేడు మీతో చెప్పదలచినది ఆ సమాధానము యొక్క చరిత్రయే.

చిల్లగింజ సంగతి మన దేశమున మిక్కిలి పాతది. సంస్కృతమున దానిని కతకఫలమందురు. అది నీటిని తేర్చునను మాట మనుస్మృతియందే కలదు. ఆ గింజ పేరు పలికినంత మాత్రమున నీరు తేరదు, గింజను అరగదీయవలయునని స్మృతికారుడు దృష్టాంతముగా చెప్పెను. అనగా ఆనాటికే యిది ఎల్లరకును తెలిసిన విషయమై యుండవలెను. తెలియనిది దాని కారణము మాత్రమే.

కారణము తెలియవలెనన్న ముందు ఆ యెఱ్ఱదనమెక్కడిదో చూడవలెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలను పూర్వము రేనాడనిరి. ఆఱవ శతాబ్దిలో రేనాటి చోళులు తెలుగున శాసనములు వేయించిన నేల యిది. ప్రొద్దుటూరికి చేరువనున్న కలమళ్ళ శాసనము మన భాషలో తొలి శాసనములలో నొకటిగా పేరొందినది. కాని యీ నేల వ్రాసికొన్న శాసనములు అంతకంటె నెంతో పూర్వపువి. వాని నెల్ల మొదట వరుసగా చదివినవాడు విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు. ఆయన కడప, కర్నూలు శిలల గూర్చి వ్రాసిన బృహద్గ్రంథము 1872లో వెలువడినది. శిలావర్గములకు ఆయన మన యూళ్ల పేర్లనే, మన యేళ్ల పేర్లనే పెట్టెను. పాపఘ్ని వర్గము, చెయ్యేటి వర్గము, కుందేటి వర్గము, జమ్మలమడుగు వర్గము అని వానికి పేళ్లు. పులివెందుల పేరను, గండికోట పేరను గూడ శిలలు గుర్తింపబడినవి. నేడు ఏ దేశపు భూగర్భశాస్త్రజ్ఞుడైనను కడప శిలలనుగూర్చి మాటలాడవలెనన్న మన గ్రామముల పేర్లు పలుకక తీరదు.

ఈ శిలలలో పెక్కింటికి ఎఱుపు, ఊదా, పసుపు రంగులు కలవు. ఆ రంగులకు మూలము ఇనుపభస్మము, అనగా ఇనుము ప్రాణవాయువుతో కూడి యేర్పడిన పదార్థము. శాస్త్రజ్ఞులు ఆక్సైడ్ అందురు. మన యాడువారు పండుగనాడు అరుగుల యంచులకు పూయు జాజు ఈ జాతిదే. అందలి యెఱుపు హెమటైటు అను ఖనిజము వలన కలిగినది. పసుపుపచ్చని మన్నులో నుండునది గోథైటు. ఇందు ఇనుముతోను ప్రాణవాయువుతోను పాటు నీటి అంశ కొంత కలిసియుండును. ఆ పచ్చమన్నును కుంపటిలో బాగుగ కాల్చిన, నీటి యంశ పోయి ఎఱ్ఱమన్నగును. ఈ మార్పును ఎవరైనను తమ యింట చూడవచ్చును. బంగారపు నగలకు తుది మెఱుగు పెట్టు మెత్తని యెఱ్ఱపొడియు ఈ హెమటైటే. ప్రొద్దుటూరి అంగళ్లలో తళతళలాడు గొలుసునకును, మా అవ్వ అరుగునకును చుట్టఱికము కలదన్నమాట.

ఈ జాజును చిటికెడు తీసికొని నీటిలో కలిపిన, పెద్ద రేణువులు త్వరగా దిగును. మిగిలిన మెత్తని భాగము గంటలు, దినములు తేలియాడును. అందలి మిక్కిలి చిన్న రేణువులను కొలుచుటకు గజములు, అంగుళములు పనికిరావు. ఒక మీటరును నూఱు కోట్ల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. మన తలవెండ్రుక లావు సుమారు ఎనుబది వేల నుండి లక్ష నానోమీటర్లు. నేను చెప్పుచున్న రేణువులు కొన్ని రెండు మూడు నానోమీటర్లకు మించవు. ఒక్కొక్కదానిలో కొన్ని వందల పరమాణువులే యుండును. ఇంత చిన్నదైనను అది స్ఫటికమే. దాని లోపల పరమాణువులు నేతలోని పడుగు పేకలవలె వరుస తప్పక యుండును.

ఇట్టి రేణువులను కంటితో చూడలేనప్పుడు అవి యున్నవని యెట్లు తెలిసెను? లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ లో మైకేల్ ఫారడే 1857లో బంగారమును ద్రవములో నుండి మిక్కిలి సన్నని రేణువులుగా విడదీసి చూపెను. ఆ ద్రవము పచ్చగా నుండుటకు మాఱు కెంపువలె ఎఱ్ఱగా నుండెను. దానిగుండ వెలుతురు పోనిచ్చినపుడు వెలుగుదారి కానవచ్చెను. కావున అందు రేణువులున్నవని ఆయన నిశ్చయించెను. ఆనాటి సీసాలు కొన్ని నేటికిని ఆ సంస్థలో భద్రముగా నున్నవి. మఱి నాలుగేండ్లకు, 1861లో, థామస్ గ్రాహం అను రసాయనజ్ఞుడు ఇట్టి పదార్థములకు కొల్లాయిడ్ అని పేరిడెను. గ్రీకు భాషలో ఆ మాటకు మూలము జిగురు. 1903లో జిగ్‌మాండీ, సీడెన్‌టాఫ్ అనువారు ప్రక్కనుండి వెలుతురు వేసి రేణువులను నక్షత్రములవలె మెఱయునట్లు చేయు యంత్రము నిర్మించిరి. ఇంటిలో చూరు సందునుండి దూరిన యెండపొడలో దుమ్ముకణములు కానవచ్చుట మనమందఱము చూచినదే. ఆ యుపాయమే వారిదియు. జిగ్‌మాండీకి 1925వ సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను.

రేణువులున్నవని తేలినది. అవి దిగక ఏల నిలుచుచున్నవి? నీటిలో ప్రతి రేణువు ఉపరితలమునను కొంత విద్యుదావేశము చేరును. ఒకే జాతి యావేశము గల రేణువులు ఒకదానినొకటి త్రోసికొనును. నీటి యణువుల తాకిడికి అటునిటు ఊగుచు, దగ్గఱకు వచ్చి, తాకకయే మరలిపోవుచుండును. ఇంటివారందఱు ఒకే యింట నుండియు మాటలాడుకొననట్లని చెప్పవచ్చును. ఉప్పు వంటి లవణమును కలిపిన ఆ త్రోపు తగ్గును. రేణువులు ఒకదాని నొకటి తాకి, గుంపులై, బరువై దిగును. ఒక్క విద్యుదంశము గల లవణము కంటె మూడంశములు గలది కొన్ని వందల రెట్లు బలముగా పనిచేయునని షుల్జ్ 1882లోను, హార్డీ 1900లోను నిరూపించిరి. పటిక నీటిని తేర్చుట కిదియొక కారణము. అందలి అల్యూమినియము మూడంశములు గలది. మన దేశమున కలకత్తా శాస్త్రజ్ఞుడు జ్ఞానేంద్రనాథ ముఖర్జీ 1920 ప్రాంతములందు ఈ యావేశము యొక్క పుట్టుకనుగూర్చి పరిశోధించి ఖ్యాతి గడించెను. ఆకర్షణకును త్రోపునకును గల పోటీని గణితముతో తేల్చినవారు రష్యాలో దెరియాగిన్, లాందౌలు 1941లోను, హాలండులో ఫెర్వే, ఓవర్‌బేక్‌లు 1948లోను. చిల్లగింజ పని యింకొక విధమైనది. అందలి పొడవైన అణువులు పెక్కు రేణువులను ఒక త్రాటితో కట్టినట్లు కట్టి దించును. నెల్లూరి దిగువ పెన్న సముద్రమున కలియుచోట ఒండ్రు పేరుకొనుటకు ఉప్పునీరును ఒక కారణమే. మా అవ్వ కుండలో జరిగినట్టి దిగుడే అక్కడ ఏటిమోమున జరుగుచున్నది.

ఇంతవరకు చెప్పినది గుంపుకట్టుట. గుంపు కట్టినంత మాత్రమున స్ఫటికము పెరిగినట్లు కాదు. మట్టిపెళ్ల మట్టిపెళ్లయే, రాయి రాయియే. రెండు నానోమీటర్ల రేణువునుండి చేతికందు ఖనిజము వరకు దారి యేది? దీనికి జర్మను రసాయనజ్ఞుడు ఓస్ట్‌వాల్డు పంతొమ్మిదవ శతాబ్దపు తుదిని ఒక సమాధానము నిచ్చెను. చిన్న రేణువు త్వరగా కరగును. కరగినది పెద్ద రేణువుపై చేరును. పెద్దది యింకను పెద్దదగును. మన రాజనీతిలో మాత్స్యన్యాయమందురే, పెద్ద చేప చిన్న చేపను మ్రింగుట, అదియే యిది. ఈ సిద్ధాంతము నిజమైనదే. కాని యొక శతాబ్దికాలము చాలమంది దీనినే యేకైక మార్గమని నమ్మిరి. నమ్మకము బలముగా నున్నచోట కంటికెదురుగ నున్నదియు కానరాదు.

కంటికెదురుగ నున్నది యొకటి ఉండెను. 1925 మొదలు కొన్నేండ్లపాటు హాన్స్ జోచర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు లోహపు ఆక్సైడుల ద్రవములను సీసాలలో పోసి కదపక యుంచెను. కొన్నిటిలో సన్నని పుల్లలవంటి రేణువులు తమంతట తాము ఒకే దిక్కునకు తిరిగి కదురువంటి గుంపులైనవి. పాత యినుప ద్రవములలో రేణువులు నెలల తరబడి నిలిచి, సమదూరమున అరలు అరలుగా పేర్చుకొని, నెమలి పింఛమువలె రంగులు మెఱయించినవి. పేర్చినవారెవరును లేరు. కుండ కదపకుండుట యొక్కటే ఆయన చేసిన పని. మా అవ్వ మాట నాకు ఇక్కడ జ్ఞప్తికి వచ్చును.

ఈ కథలో మలుపు 1998లో వచ్చినది. అమెరికాలో విస్కాన్సిను విశ్వవిద్యాలయమున లీ పెన్, జిలియన్ బాన్‌ఫీల్డ్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు టైటానియము ఆక్సైడు రేణువులను వేడినీటిలో నుంచి, తరువాత ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూచిరి. చిన్న రేణువులు కరగి మాయమగుటకు మాఱుగా, ముఖమునకు ముఖము చేర్చి, లోపలి పరమాణువుల వరుసలు కలిసిపోవునట్లు అతుకుకొనియుండెను. రెండు స్ఫటికములు ఒకే స్ఫటికమైనవి. అతుకు ఒక్క మెట్టు తప్పినచోట లోపమొకటి నిలిచిపోయినది. స్ఫటికములలో లోపములెట్లు పుట్టునను ప్రశ్నకును దానితో ఒక సమాధానము చిక్కినది. 2000లో బాన్‌ఫీల్డ్ బృందము విస్కాన్సినులోనే నీట మునిగిన యొక పాడుగని నుండి తుప్పు బురద తెచ్చి పరీక్షించి, రెండు మూడు నానోమీటర్ల యినుప రేణువులు ప్రకృతిలోను ఇట్లే కూడి పెద్ద స్ఫటికములగుచున్నవని చూపెను. మాత్స్యన్యాయము ప్రక్కన పొత్తు అను రెండవ న్యాయము నిలబడినది.

అయినను ఆ కూడికను జరుగుచుండగా చూచినవారు అప్పటికి లేరు. 2012లో డాంగ్‌షెంగ్ లీ, జేమ్స్ డి యోరియో మున్నగువారు మిక్కిలి పలుచని అరలో ద్రవమును బంధించి, ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో ఇనుప రేణువుల నడకను చిత్రించిరి. రెండు రేణువులు దగ్గఱకు వచ్చును, తాకును, సరిపడక విడిపోవును, మరల తిరుగును. ముఖములు సరిపడినపుడు, ఎడము ఒక్క నానోమీటరుకంటె తక్కువైనంతనే, దుమికినట్లు అతుకుకొనును. జమ్మలమడుగు ప్రాంతమున నాపరాళ్లతో గోడ పేర్చు పనివానిని చూచినవారికి ఇది వెంటనే బోధపడును. అతడు రాతిని ఒక మారు పెట్టును, కుదరకున్న తీసి త్రిప్పును, మరల పెట్టును. ముఖము ముఖముపై కూర్చున్నపుడు సున్నము లేకయే గోడ నిలుచును. రేణువులకు పనివాడు లేడు. నీటి యణువుల తాకిడియే వానిని త్రిప్పు చేయి.

ఇక పులివెందుల వైపు పోవుదము. అచ్చటి శిలలలో నల్లని యగ్నిశిల యొకటి పొరవలె దూరియున్నది. దానిలో బాడిలియైటు అను ఖనిజపు సన్నని పలుకులు కలవు. అది జిర్కోనియము ఆక్సైడు. అందు చిక్కుకొన్న యురేనియము ఎంతమట్టుకు సీసముగ మాఱెనో లెక్కించి, ఆ శిల వయస్సు సుమారు 188 కోట్ల యేండ్లని తేల్చిరి. ఆ లెక్క 2008లో ప్రకటితమైనది. ఒక రేణువు గడియారముగ పనిచేసి యింతటి కాలమును చెప్పగలిగినది.

పులివెందుల దాపుననే తుమ్మలపల్లె కలదు. అచ్చటి వేంపల్లె సున్నపురాతి పొరలలో యురేనియము దొరకినది. అది గింజలు గింజలుగా కానరాదు. మిక్కిలి సన్నని యాక్సైడు రేణువులుగా రాతి నిండ చెదరియుండును. 2007లో గనికి శంకుస్థాపన జరిగి, 2012లో పని ప్రారంభమైనది. యురేనియము నీటిలో రెండు నడవడులు గలది. ప్రాణవాయువు సమృద్ధిగ నున్న నీటిలో కరగి ప్రవహించును; ప్రాణవాయువు లేనిచోట ఆక్సైడు రేణువై నిలుచును. కొన్ని సూక్ష్మజీవులు ఈ మార్పును చేయగలవనియు, అప్పుడు పుట్టు రేణువులు మూడు నానోమీటర్లకు లోపుగనే యుండుననియు బాన్‌ఫీల్డ్ సహచరులు 2002లో ప్రకటించిరి. తుమ్మలపల్లె ఖనిజము ఇట్లే పుట్టినదని నేననను. కాని రేణువు ఎంత చిన్నదైన అంత దూరము నీటితో పోగలదు. కూడి పెద్దదైన నిలిచిపోవును. ఇది గుఱుతుంచుకొనదగిన సంగతి.

ఆ గని కర్మాగారములో రాతిని పొడిచేసి, సోడా లవణముల ద్రవములో ప్రాణవాయువుతో ఒత్తిడిపై ఉడికింతురు. కార్బొనేటుతో కూడిన యురేనియము నీటిలో సుఖముగ కరగియుండును. పిమ్మట క్షారము కలిపిన పసుపుపచ్చని మడ్డియై దిగును. రేణువులను విడదీసి, మరల కూర్చుటయే ఆ శిల్పమంతయు. చుట్టుపట్ల గ్రామములవారు తమ బోరుబావుల నీరు, పైరులు చెడినవని మొఱపెట్టుకొనిరి; 2018లో దానిపై విచారణలు సాగినవి. తీర్పు చెప్పుట నా పనిగాదు. కాని యీ చరిత్ర చదివినవాడుగా ఒక్క మాట చెప్పవలసియున్నది. చిల్లగింజ గాని పటిక గాని తేలుచున్న రేణువును దించగలదు. కార్బొనేటుతో కరగియున్న దానిని చిల్లగింజ దింపజాలదు. దానికి ప్రత్యేకమైన శుద్ధి కావలెను. కంటికి తేటగా నున్న నీరెల్ల మంచినీరు కాదు. మా అవ్వకు తేటయే శుద్ధికి గుఱుతు. ఆనాటి యేటి బురదకు ఆ గుఱుతు చాలవఱకు సరిపోయినది. నేటి మన బావులకు అది సరిపోదు. నీటిని కొలిచి చూచినగాని తెలియదు. ఆ కొలత ఊరివారందఱకు తెలియునట్లు ప్రకటింపబడవలెను.

భయపెట్టి విడుచుట ధర్మము గాదు గనుక రెండవ ప్రక్క గూడ చెప్పెదను. ఇనుపభస్మపు రేణువు ఎంత చిన్నదైన, దాని బరువుతో పోల్చగా ఉపరితలము అంత విశాలము. విషపదార్థములు ఆ యుపరితలమున పట్టుకొనును. వంగదేశపు బావులలోని పాషాణమును, అనగా ఆర్సెనికును, తొలగించుటకు మద్రాసు ఐ.ఐ.టి. యందు టి. ప్రదీప్ బృందము ఇట్టి సాధనమును నిర్మించెను. అందున్నది ఫెర్రిహైడ్రైటు అను ఇనుప రేణువు. దానికొక దోషము కలదు. ఊరక నీటిలో విడిచిన, నేను పైన చెప్పిన పొత్తు మొదలగును. రేణువులు కూడి గోథైటు మొదలగు పెద్ద స్ఫటికములై, ఉపరితలము తగ్గి, పట్టు సడలును. కావున రొయ్యల పెంకులనుండి తీయు కైటోసాన్ అను పదార్థపు వలలో రేణువులను విడివిడిగా బంధించిరి. ఒకచోట కూడిక మేలు, ఒకచోట ఎడబాటు మేలు. ఎక్కడ ఏది కావలెనో తెలియుటకే నూటయేబది యేండ్ల శ్రమ.

ఆ శ్రమలో ఫారడే సీసాలున్నవి, జోచర్ ఓర్పున్నది, పాడుగని తుప్పు బురదను తుచ్ఛమని త్రోసివేయని పరిశోధకుల చూపున్నది. పేరెఱుగని మన పూర్వుల యనుభవమును ఉన్నది. మొట్టమొదట గింజను కుండకు అరగదీసి చూచినదెవరో ఏ గ్రంథమును చెప్పదు. మొన్న మా యూరికి పోయితిని. ఇంటింట కొళాయి కలదు, చిల్లగింజ నెఱిగిన పిల్లలు లేరు. అరుగుల జాజు మాత్రము కొన్ని యిండ్లకు ఇంకను మిగిలియున్నది. ఒక బాలుడు మునివ్రేళ్లకంటిన యెఱుపును గోడకు రుద్దుచు, ఇది యేల అంటుకొనుచున్నదని నన్నడిగెను. "పెద్దలు చేసిరి" అని చెప్పి ఊరకుండ నాకు మనసొప్పలేదు. అరుగుపై కూర్చుండి, ఒక లోటా నీరు తెప్పించి, చిటికెడు జాజు అందు కలిపి, లోటాను కదపవద్దని వానికి చెప్పితిని.